ఒక పని మిగిల్చి పంపమన్నాయన

పోయిన నెల ఒక బుధవారం పొద్దున బేకరీ బండి మా పుంగనూరు అంగడి ముందుకు ఖాళీగా వచ్చింది. బ్రెడ్డు ట్రేలు లేవు, బన్నుల బుట్టలు లేవు. లోపలంతా కడిగి జంపఖానాలు పరిచి ఉన్నాయి. డ్రైవరు బాషా ఎప్పటిలా హారను కొట్టలేదు. దిగి వచ్చి, బండి వెనకాలే మా ఆయన ముందు నిలబడ్డాడు.

"ఓనరు పోయినాడన్నా. తెల్లారుజామున, నిద్దర్లోనే. మదనపల్లికి వచ్చేవాళ్ళను ఎక్కించుకోని రమ్మని అమ్మగారు చెప్పింది. కుప్పం దాకా పోయి వస్తా. తిరుగు దారిలో మీరు ఎక్కుదురు" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు వాడి చెయ్యి అలవాటుగా బండి వెనక తలుపు గొళ్ళెం మీదికి పోయింది. తీసి ఇవ్వడానికి ఏమీ లేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

ఆయన బేకరీలో మా ఇంట్లో ఎవరమూ జీతానికి పనిచేయలేదు. ఆయన రొట్టెలు అమ్మే అంగడి మాది, అంతే. అంగడి మా ఆయన చూసుకుంటాడు, నేను బళ్ళో పాఠాలు చెబుతాను. అయినా బాషా నోట విని విని మాకూ ఆయన ఓనరే అయిపోయారు. అయ్యగారూ అని పిలిస్తే ఆయన ఒప్పుకునేవారు కారు. "అయ్యగారంటే చర్చిలో పాస్టరు. నేను పిండి పిసికేవాణ్ణి" అనేవారు.

బాషా తిరిగొచ్చేసరికి కుప్పంలో, పలమనేరులో ఎక్కినవాళ్ళతో బండి నిండిపోయింది. ముసలివాళ్ళు, నడివయసు ఆడవాళ్ళు, వాళ్ళ పక్కన ఇరవై, ముప్పై దాటిన పిల్లలు. హిందువులు, తురకలు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. వాళ్ళంతా ఎవరో, ఒకరికొకరు ఏమవుతారో చెప్పాలంటే ముందు ఆ బేకరీ సంగతి చెప్పాలి.

మదనపల్లిలో ఆయనది కట్టెల పొయ్యి బేకరీ. ఆదివారం మూత. పండగైనా పెళ్ళయినా, ఎంత పెద్ద ఆర్డరైనా ఆదివారం పొయ్యి అంటించేవారు కారు. మిగతా రోజుల్లో పొయ్యి అంటించే ముందు ప్రార్థన. రొట్టెలు కాల్చే మేస్త్రి సాయిబు కూడా చేతులు కట్టుకుని పక్కన నిలబడేవాడు. ఒకసారి నేనూ విన్నాను. "ప్రభువా, ఈ పొద్దు పిండి బాగా పొంగాల, బాషా బండి నిదానంగా తోలాల, పిల్లోళ్ళు కడుపునిండా తినాల" అని, పక్కింటాయనతో మాట్లాడినట్టు చెప్పి ముగించేశారు. ఆ తర్వాత రస్కు మాడిందని మేస్త్రిని తిట్టిన తిట్లు ఆ ప్రార్థన కంటే చాలా పొడుగు.

ఆ పిల్లోళ్ళు ఆయన పిల్లలు కారు. ఊరి బయట ఉన్న టీబీ ఆసుపత్రికి ఆయన బ్రెడ్డు వేసేవారు. ఆ రోజుల్లో జబ్బు ముదిరినవాళ్ళు నెలల తరబడి అక్కడే ఉండి మందులు తినాల్సి వచ్చేది. రొట్టెలు దించుతూ ఆయన చూసింది ఏమిటంటే, అక్కడి ఆడవాళ్ళు దగ్గుకు ఏడవడం లేదు, ఇంటి దగ్గర వదిలి వచ్చిన బిడ్డల కోసం ఏడుస్తున్నారు. కొందరైతే ఆ దిగులుతోనే సగం మందులు తిని, ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్ళిపోయేవారు. ఆ తల్లులు బాగయ్యేదాకా బిడ్డల్ని ఎక్కడైనా పెట్టాలి. ఆసుపత్రి సిస్టరమ్మతో, తల్లులతో మాట్లాడి ఆయన ఆ పని మొదలుపెట్టారు. బిడ్డ తిండి, బట్టలు, బడి అన్నీ బేకరీ ఖర్చు. క్రిస్మస్ కేకుల మీద వచ్చే లాభం మొత్తం దానికే పోయేది.

హాస్టలు కట్టిస్తామని ఆయనకు తెలిసిన పెద్దలు ముందుకొచ్చారట. ఆయన వద్దన్నారు. "బిడ్డకు బిల్డింగు యాల? ఇల్లు కావాల" అనేవారు. ఏ ఇల్లు పడితే ఆ ఇల్లు కూడా కాదు. ఆయన బండి రోజూ పోయే దారిలో ఉన్న ఇల్లే కావాలి. దానికి కారణం నాకు ఆలస్యంగా అర్థమయింది.

కస్తూరి మా ఇంటికి వచ్చినప్పుడు ఇంకా పళ్ళూడని వయసు. తొంభైల మొదట్లో. కుప్పం పక్క పల్లె వాళ్ళది. తండ్రి బెంగుళూరులో పని చూసుకుంటానని రైలెక్కి మళ్ళీ రాలేదు. తల్లి మంగమ్మ ఆసుపత్రిలో ఉంది. ఓనరు ఒక మధ్యాహ్నం ఆ పిల్లను చెయ్యి పట్టుకుని తెచ్చి మా పంచలో నిలబెట్టి, "టీచరమ్మా, ఇద్దురు మొగపిల్లోళ్ళతో విసిగిపోయుంటావు. కొన్నాళ్ళు ఆడబిడ్డను సాకి సూడు" అన్నారు. మా ఆయన నా ముఖం వైపు చూశాడు. నేను పిల్ల కాళ్ళ వైపు చూశాను. చెప్పులు లేవు. లోపలికి రమ్మన్నాను.

మర్నాటి నుంచి ఒక వింత మొదలయింది. బాషా బండి ఆపగానే ఒక బన్ను తీసుకుని మా ఇంట్లోకి వచ్చేవాడు. నా చేతికి ఇచ్చేవాడు కాడు, మా ఆయన చేతికీ ఇచ్చేవాడు కాడు. కస్తూరిని పిలిచి దాని చేతికే ఇచ్చి, రెండు మాటలు మాట్లాడి, తినడం చూసి వెళ్ళేవాడు. అంగట్లో డబ్బా నిండా బన్నులు పెట్టుకున్న ఇంటికి ఈ బన్ను దేనికో నాకు తెలియలేదు. మేము పిల్లకు పెట్టడం లేదనుకున్నారేమోనని ఒళ్ళు మండేది.

ఆ మంట ఒక శనివారం బయటపడింది. మా ఇంట్లో శనివారం నేను ఒక్కపొద్దు ఉంటాను, బయటి తిండి ముట్టను. పిల్లలకు ఆ నియమం లేదు. కానీ కస్తూరి నేను ఏం చేస్తే అది చేసేది. ఆ పొద్దున బాషా బన్ను ఇస్తే తీసుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, "ఈ పొద్దు శనివారం. మాకు ఒక్కపొద్దు" అంది. నేను పెరట్లో ఉన్నాను, నాకు తెలియదు. బాషా పలమనేరు చేరగానే ఫోను చేసి, కస్తూరి బన్ను వద్దంది, తినలేదు అని చెప్పాడు. మిగతాది చెప్పేలోపే ఓనరు ఫోను పెట్టేశారట.

మధ్యాహ్నానికి ఆయన మా గుమ్మంలో ఉన్నారు. మోచేతుల దాకా మైదా, చంకలో బత్తాయిల సంచి. "బిడ్డకు జొరమా? వాంతులా? యాడ ఉండాది?" అంటూ లోపలికి వచ్చారు. కస్తూరి అరుగు మీద కూర్చుని బొరుగులూ బెల్లమూ కలుపుకుని రెండు చేతులతో తింటోంది. అది దాని ఒక్కపొద్దు.

"ఏందిమ్మా, ఏమీ తినల్లేదంట కదా?" అన్నారు ఆయన.

"బన్ను తినల్లే. శనివారం కదా" అంది కస్తూరి, నోటి నిండా బొరుగులతో.

ఆయన నవ్వు మొదలుపెడితే అంత తొందరగా ఆగదు. అరుగు మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నాకు మాత్రం కోపం వచ్చింది. "సార్, మా ఇంట్లో బిడ్డను పస్తు పెడతామనే కదా మీ అనుమానం? రోజూ బన్ను పంపేది దానికేనా?" అని అడిగేశాను.

ఆయన నవ్వు ఆపారు. "అవునమ్మా, దానికే" అన్నారు. దాచుకోలేదు. "రొట్టె మాడితే వీధంతా వాసనొస్తాది. బిడ్డ కడుపు మాడితే యాడా వాసన రాదు. పోయి సూడాల్సిందే. నువ్వని కాదు, మా అన్న ఇంట్లో బిడ్డను పెట్టినా బన్ను పోతాది. బండి పోని ఊర్లో బిడ్డను పెట్టను."

ఆ మాటతో నా కోపం దిగింది. బండి దారిలోని ఇళ్ళే ఎందుకో అప్పుడు తెలిసింది. బాషా మధ్యాహ్నం మదనపల్లి చేరాక ఓనరు మొదట అడిగేది వసూళ్ళు కాదు, ఏ ఇంట్లో ఏ బిడ్డ ముఖం ఎట్లా ఉందని. పలమనేరులో ఒక పిల్ల రెండు రోజులు వరసగా తల దించుకుని బన్ను తీసుకుంటే, ఆయన వెళ్ళి, బళ్ళో ఎవరో కొడుతున్నారని కనుక్కుని వచ్చారు. నన్ను నమ్మలేదని కోపగించుకున్న నేను, ఆ తర్వాత బాషా ఒక రోజు పని తొందరలో కస్తూరితో మాట్లాడకుండా పోతే నేనే వెనక్కి పిలిచి గట్టిగా అడిగాను. శనివారాల సంగతి కూడా ఆయనే తేల్చారు. మా ఒక్కపొద్దు మానమని అనలేదు. శనివారం బన్ను బదులు అరటిపండు పంపడం మొదలుపెట్టారు. బేకరీ బండిలో మదనపల్లి నుంచి అరటిపండు రావడం చూసి మా వీధిలో నవ్వనివాళ్ళు లేరు.

ఆదివారం బేకరీ మూత కాబట్టి ఆ రోజు ఆయన వేరే పని పెట్టుకునేవారు. ఉదయం చర్చి, తర్వాత పిల్లల్ని ఆసుపత్రికి తీసుకుపోయి తల్లులకు చూపించడం. మొదట్లో కస్తూరి చెట్టు కింద నిలబడేది, మంగమ్మ వరండాలో నుంచి చూసేది. మందులు పనిచేసి, ఇక దగ్గరికి పోవచ్చని డాక్టర్లు చెప్పిన వారం నేను పిల్లకు తలంటి, కొత్త గౌను వేసి, రెండు జడలు బిగించి, రిబ్బన్లు కట్టి సిద్ధం చేశాను. పెళ్ళికూతుర్ని చేసినంత హడావుడి చేశాను. తీసుకుపోవడానికి వచ్చిన ఓనరు పిల్లను చూసి, "బాగుండాది" అని గడప దగ్గరే ఆగారు.

"టీచరమ్మా, ఒక జడ ఇప్పేయ్" అన్నారు.

ఎందుకో నాకు అర్థం కాలేదు.

"అన్నీ నువ్వే చేసి పంపితే ఆయమ్మకు ఏం మిగుల్తాది? ఇన్ని నెలలాయ, బిడ్డకు ఏమీ చేయలేక కూర్చోనుండాది. ఒక పని మిగిల్చి పంపమ్మా."

విప్పడానికి నా చేతులు రాలేదు. చివరికి ఎడమ జడ విప్పాను. ఒక పక్క జడ, ఇంకో పక్క విరబోసిన జుట్టుతో కస్తూరి బస్సెక్కింది. బస్సులో అందరూ అడిగారట, తొందరలో మరిచిపోయారా అని. సాయంత్రం తిరిగి వచ్చినప్పుడు ఎడమ జడ వేసి ఉంది. వదులుగా, వంకరగా. నా కుడి జడ పక్కన అది ఏమాత్రం బాగాలేదు. కస్తూరి మాత్రం పడుకునేటప్పుడు కుడిది విప్పనిచ్చింది, ఎడమది ముట్టనివ్వలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఏదో ఒకటి మిగిల్చి పంపడం మా ఇంటి అలవాటైంది. ఒక వారం గోళ్ళు తీయకుండా, ఒక వారం ఊడిన గుండీ కుట్టకుండా. బడిలో ఇచ్చిన ఒక పద్యం సగం నేర్పి మిగతా సగం అక్కడ నేర్చుకోమని పంపాను. మంగమ్మకు చదువు రాదు. పక్క మంచం ఆవిడతో చదివించుకుని, తాను ముందు నేర్చుకుని, ఆ తర్వాత బిడ్డకు నేర్పిందట. ఆ ఆసుపత్రి నుంచి మందులు మధ్యలో వదిలి పారిపోనివాళ్ళలో మంగమ్మ ఒకతె. ఎందుకు పారిపోలేదని ఎవరైనా అడిగితే, ఆదివారం పని ఉంటుంది కదా అనేది.

ఇంత చెప్పాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. కస్తూరి మా దగ్గరే ఉండిపోతే బాగుండునని నాకు చాలా అనిపించేది. నా కొడుకులిద్దరూ దాన్ని చెల్లెలనే అనుకున్నారు. అది నిద్రలో నా చీర కొంగు పట్టుకునేది. ఆ పిల్ల వెళ్ళిపోయే రోజు వస్తుందని తెలిసినా, ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్ళం కాము.

మంగమ్మ పూర్తిగా బాగయిందని చెప్పిన రోజు ఓనరు ఆమెను మా ఇంటికి తీసుకొచ్చారు. గాలికి పడిపోయేట్టుంది మనిషి. అరుగు చివర కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగకుండా, "అక్కా, బిడ్డ నీకాడ సల్లగా ఉండాది. నాకు ఇల్లు లేదు, వాకిలి లేదు, ఒంట్లో సత్తువ లేదు. నువ్వే పెట్టుకో" అంది. తల ఎత్తకుండా ఒక్క గుక్కలో చెప్పేసింది. దారి పొడుగునా ఆ మాట చెప్పుకుంటూ వచ్చినట్టుంది.

అవునని అనడానికి నోరు తెరిచాను. ఎదురుగా ఓనరు ఉన్నారు. ఆయన వద్దని అనలేదు, సరేనని అనలేదు. "అదంతా తర్వాత మాట్లాడదాం. టీచరమ్మా, ఇంట్లో ఇంగొకరికి అన్నం ఉంటాదా? ఆయమ్మ కూడా కొన్నాళ్ళు ఈడనే ఉండనీ. సత్తువ లేనిదాన్ని యాడికని పంపేది?" అన్నారు.

అట్లా మంగమ్మ కూడా మా ఇంటికి చేరింది. మొదటి రోజుల్లో కస్తూరి నా పక్కనే పడుకుంది. మంగమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. ఓనరు రెండో మూడో రోజుకు ఒకసారి ఏదో సాకు పెట్టుకుని వచ్చి చూసి పోయేవారు. నాకు మాత్రం ఆయన చెప్పిన పని అలవాటైపోయి ఉంది. పొద్దున పిల్లకు స్నానం చేయించి తల దువ్వకుండా బడికి పోయేదాన్ని. మంగమ్మ దువ్వేది. అన్నం కలిపి పెట్టి, తినిపించకుండా లేచేదాన్ని. ఎవరూ చెప్పకుండానే రోజుకొక పని నా చేతుల్లోంచి ఆమె చేతుల్లోకి పోయింది. ఎండలు ముదిరే నాటికి ఒక తెల్లవారి లేచి చూస్తే నా పక్కన చాప ఖాళీగా ఉంది. కస్తూరి తల్లి కడుపులో కాళ్ళు పెట్టుకుని నిద్రపోతోంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది. రెండూ నిజమే.

ఓనరు కుప్పం రైల్వే స్టేషను దగ్గర చిన్న బంకు తెరిచి, రొట్టెలు అమ్మడానికి మంగమ్మను కూర్చోబెట్టారు. బండికి అది చివరి స్టాపు. మంగమ్మ ఈనాటికీ ఆ బంకులోనే ఉంది. కస్తూరి డిగ్రీ చదివి, కూరగాయల నారు పెంచే నర్సరీలో లెక్కలు చూస్తోంది. పోయిన నెల ఆ బండిలో నా పక్కన కూర్చుని మదనపల్లి వచ్చింది వాళ్ళిద్దరే. చుట్టూ ఉన్నవాళ్ళంతా మాలాగే ముగ్గురేసి. సాకిన తల్లీ, కన్న తల్లీ, మధ్యలో ఒక పిల్ల. సమాధి దగ్గర పాటలు పాడారు. ఆ పాటలు రానివాళ్ళం ఊరికే నిలబడ్డాం. ఓనరమ్మ మా చేతులు పట్టుకుని, "రేపు బండి వస్తాది. ఇప్పుడుండే పిల్లోళ్ళు సూస్తా ఉంటారు" అంది. మర్నాడు వచ్చింది కూడా.

ఇన్ని సంగతుల్లో నా కళ్ళ ముందు నుంచి పోనిది ఒక్కటే, వాళ్ళిద్దరూ కుప్పం వెళ్ళిన రోజు. ఆ పొద్దున ఓనరు బండిలో బాషా పక్కన కూర్చుని వచ్చారు. తల్లీబిడ్డల్ని బంకులో దించి రావడానికి ఆయన కూడా వెళతారనుకున్నాను. ఆయన మాత్రం దిగి, తన సీట్లో వాళ్ళను కూర్చోబెట్టారు. కస్తూరి కిటికీలోంచి చెయ్యి ఊపింది. బండి మలుపు తిరిగింది. మా ఆయన అంగట్లోకి పోయాడు. నేను ఏం చేయాలో తెలియక అరుగు మీద కూర్చున్నాను.

"మీరు పోలేదా సార్?" అని అడిగాను.

"ఆడ నాకేం పని? ఆయమ్మ అంగడి ఆయమ్మ సూసుకుంటాది" అని, "ఆకలైతాంది టీచరమ్మా. ఏమన్నా ఉండాదా?" అన్నారు.

సంగటి పెట్టి పప్పు వేశాను. నిదానంగా తిన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. తిన్నాక పోతారనుకుంటే, అరుగు మీద గింజ తీయడానికి కొట్టాల్సిన చింతకాయల కుప్ప చూసి, రాయి అందుకుని నా ఎదురుగా కూర్చున్నారు. అంత పెద్ద మనిషి, ఆ చిన్న పీట మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనేట్టు. చింతకాయ కొట్టడం ఆయనకు రాదు. గింజ ఒక పక్కకు ఎగిరితే పండు ఇంకో పక్కకు పోయేది. వేలు కూడా నలగ్గొట్టుకున్నారు. పిండి ధర గురించి, మేస్త్రి మోకాలి నొప్పి గురించి, హార్స్‌లీ హిల్స్ మీద కేకు ఆర్డరిచ్చి రానివాళ్ళ గురించి మాట్లాడారు. కస్తూరి మాట ఎత్తలేదు. నేను మధ్యమధ్యలో కళ్ళు తుడుచుకుంటే ఏడవొద్దని అనలేదు, చింతకాయలు నా వైపు తోసేవారు. అది పనిరోజు. మదనపల్లిలో పొయ్యి మండుతూ ఉంటుంది, ఆయన కోసం ఎందరో అడుగుతూ ఉంటారు.

మా ఇల్లు మదనపల్లి రోడ్డు మీదే. చెయ్యెత్తితే బస్సు ఆగుతుంది. ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది, ఆయన తల ఎత్తలేదు. పొద్దు వాలే వేళకు వచ్చిన బస్సు కండక్టరు ఆయన్ని గుర్తుపట్టి, బస్సు ఆపించి, "సార్, మదనపల్లికేనా? రండి" అని కేకేశాడు.

ఓనరు బస్సు వైపు చూశారు. "రష్షుగా ఉండాది కదప్పా. ఎనకాల ఇంగొకటి వస్తాది లే, నువ్వు పో" అన్నారు.

నేనూ తల తిప్పి చూశాను. ముందు సీట్లో మూట ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలాయన తప్ప బస్సులో ఎవరూ లేరు. ఓనరు ఇంకో చింతకాయ తీసుకుని రాయి కింద పెట్టుకున్నారు.